జేసీబీకి దారి లేదు

పాండేసర మిల్లులు దాటాక, ఖాడీ అనే వాగు ఒడ్డున ఎవరూ ఎన్నడూ దున్నని బీడును ప్లాట్లు చేసి అమ్మారు. చివరి ప్లాటు సీతాదేవిది. ఇల్లు మొదలుపెడదామనుకునేంతలో కరోనా వచ్చిపడింది. పనులు ఆగిన ఆ రోజుల్లో ఆమె అక్కడికి వెళ్లి కూర్చునేది. తంగేడు, రేగు, ఊడుగ పొదల్లో పికిలిపిట్టలు గూళ్లు కట్టడం చూశాక, ఇల్లు ఒక మూలకు ఒదిగినా ఫరవాలేదు, పొదలు మాత్రం ఉండాల్సిందేనని తేల్చేసుకుంది. భర్త కిశోర్ వాదించి, ఓడి, ఊరుకున్నాడు.

రెండో వేవ్ తగ్గగానే ప్లాట్ల సంఘం అధ్యక్షుడు రమణీక్‌భాయ్ వాట్సాప్‌లో ప్రకటించాడు: పొదల్లో పాములు, దోమలు చేరుతున్నాయి, ఆదివారం జేసీబీతో అన్ని ప్లాట్లూ చదును చేయిస్తున్నాం. తన ప్లాటు ముట్టుకోవద్దని సీతాదేవి రాసింది. ఆయన జోడించిన చేతుల బొమ్మ పంపాడు. కుదరదని దాని అర్థం.

అందుకే అదే ఆదివారం పొద్దున, పొదలు ఉంచుకోవాలనుకునే వాళ్లను తన ప్లాటుకు పిలిచింది. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పుకుందామంది. వచ్చిన కొద్దిమందీ ఇటుకల మీద ఎడంగా కూర్చున్నారు. గడ్డం కిందికి జారిన మాస్కులన్నీ పైకి లాగించాకే మాట మొదలుపెట్టనిచ్చింది.

వరాఛాలో వజ్రాలు సానపట్టే హస్ముఖ్‌భాయ్, ప్లాటు చుట్టూ గడ్డి కోసి బాట తీస్తే పాము అవతలికి రాదని, నిప్పూ దాటదని చెప్పాడు. సీతాదేవి ప్లాటుకు వారం కిందటే అలాంటి బాట తీయించింది కూడా ఆయనే. సర్కారు తుమ్మను పైన నరికితే పది కొమ్మలు వేస్తుందని, వేరు మొదలు దాకా తవ్వి తీయాలని సీతాదేవి చెప్పింది. మగ్గాల కార్మికుడి భార్య గంగవ్వ తమ సంగతి చెప్పింది. పోయిన బతుకమ్మకు వాళ్ల ఆడవాళ్లంతా కలిసి ఈ బీడులోని గునుగును పూల కోసం వేళ్లతో సహా పీకేశారు.

"ఊర్ల ఎంత పీకినా ఒడవది గద, గట్లనే అనుకున్నం. ఈ ఏడు ఒక్క మొలక లేదు. ఇగ కొడవలితోని కోసుడే. సగం ఇత్తనానికి ఇడువాలె."

పక్క ప్లాటు లింగమూర్తి మాత్రం కూర్చోలేదు, హద్దు రాయి దగ్గరే నిలబడ్డాడు. సొంతూళ్లో ఇల్లు కట్టేముందు జాగా శుభ్రం చేసినట్టు నిరుడు అతను తన ప్లాటంతా గీకించాడు. ఇప్పుడు అందులో మనిషెత్తు సర్కారు తుమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఇవాళ జేసీబీ రావాల్సింది అతని ప్లాటు మీదుగానే. సీతాదేవి ప్లాటుకు ఒక పక్కా వెనకా ఖాడీ, ముందు లోతైన మోరీ. దారిస్తానని అతను రమణీక్‌భాయ్‌కి మాటిచ్చాడని అందరికీ తెలుసు.

"అమ్మా, నా జాగల గీ తుమ్మ ఒక్కటే ఎందుకొచ్చింది?"

"దాన్ని అడ్డుకునే పొదలన్నీ తీయించేశారు గదా, అన్నా."

"మళ్ల తంగేడు వస్తదా మరి?"

గంగవ్వ అందుకుంది. "ఇత్తనం గీ పొదలల్లనే ఉన్నది. గివి పోతె నీకు ఏడికెల్లి వస్తది, తమ్మీ?"

అతను జవాబు చెప్పేలోపే జేసీబీ చప్పుడు వినిపించింది. ముందు బైకు మీద వచ్చిన రమణీక్‌భాయ్, ఐదు నిమిషాల పనేనని, జర పక్కకు జరగమని నవ్వుతూ హిందీలో అడిగాడు. సీతాదేవి కదల్లేదు.

"పాములు దాటకుండా బాట తీశాం, చూడండి. దోమలు కావాలంటే మీ సంఘం తవ్వించి వదిలేసిన ఈ మోరీలో వెతుక్కోండి, భాయ్."

ఆయన నవ్వు పోయింది. లింగమూర్తి వైపు తిరిగి, మాటిచ్చావు కదా అన్నాడు. లింగమూర్తి ముందు హిందీలో చెప్పాడు. తర్వాత అక్కడున్న తెలుగువాళ్లందరికీ వినబడేలా తెలుగులో అన్నాడు.

"ఇచ్చిన. ఇప్పుడు వాపస్ తీసుకుంటున్న. నా జాగల చక్రం పెట్టొద్దు."

ఈ వరసలో ఒక్క ప్లాటుకూ నల్లా కనెక్షన్ రాదని, మీటింగులో తేలుస్తానని రమణీక్‌భాయ్ బెదిరించాడు. మీటింగు ఎప్పుడో చెప్తే అందరం వస్తామంది సీతాదేవి.

జేసీబీ వెనక్కి తిరగడానికి చోటు చాలక, హస్ముఖ్‌భాయ్ తన స్కూటర్ పక్కకు తీశాడు. మనుషులు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.