రాయి లేనివాళ్ళు

పొద్దున్నే లేచి, అమ్మకి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, పాలు తాగించి, మందులు వేసి, పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి, తొమ్మిదిన్నరకల్లా సర్వే ఆఫీసులో బల్ల ముందు కూర్చోవాలి. ఆరు నెలలుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. ఆఫీసులో అందరూ ఆమెని టేపమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో స్థలాలు కొలిచి నక్షాలు గీస్తోంది. అన్నదమ్ములు ప్రహరీ దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్ళి టేపు పరిచి, "ఇక్కడిదాకా నీది, ఇక్కణ్ణుంచి వాడిది, ఇక ఇళ్ళకి పొండి" అందంటే దానికి తిరుగు లేదు. భర్త పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే.

ఈ మధ్య డాక్టరు ఆమెని వరండాలోకి పిలిచి, అమ్మకి నెలకి మించి లేదని చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకి ఒకటే బెంగ, అమ్మని ఎక్కడ పెట్టాలని. కొత్త సమాధుల తోట పాతిక మైళ్ళ అవతల, లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉంది. అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఇంటికి రెండు మైళ్ళలో ఉన్న పాత చర్చి తోటేమో ఎప్పుడో నిండిపోయింది.

"సొంతవాళ్ళ సమాధి చూపించు, దాని పక్కన చోటిస్తాను," అన్నారు పాస్టరుగారు. "చూపించలేకపోతే మాత్రం నా చేతుల్లో లేదమ్మా."

నాన్ననీ, భర్తనీ వాళ్ళ సొంత ఊళ్ళలోనే పెట్టారు. ఈ తోటలో సొంతవాళ్ళంటే ఇద్దరే. తాతకి నల్లరాతి సమాధి ఉంది కానీ, ఒక పక్క ఆయన రెండో భార్య, ఇంకో పక్క ఆవిడ తమ్ముడు పడుకుని ఉన్నారు. బతికినన్నాళ్ళూ ఆయన్ని ఎటూ కదలనివ్వని ఆ ఇద్దరూ పోయాక కూడా పట్టు వదల్లేదు. ఇక మిగిలింది అమ్మమ్మ. ఆవిడ పోయి యాభై రెండేళ్ళు. రాయి లేదు.

రాయి లేకపోతే వచ్చే చిక్కు ఊళ్ళో అందరికీ తెలిసిందే. రాయి ఉన్నవాళ్ళు పెట్టినచోటే ఉంటారు. లేనివాళ్ళు నడుస్తారు. ఏడాదికి సరిగ్గా జానెడు. మట్టిదిబ్బ ముందుకి జరిగిన మేర వెనకాల కొత్త గడ్డి మొలుస్తుంది. ఎవరైనా దారికి అడ్డం వస్తే పాస్టరుగారు దారినే జరిపిస్తారు. అందుకే ఆ తోటలో బాట వంకరటింకరగా ఉంటుంది. బతికుండగా కుర్చీలోంచి లేవని ఒక బడిపంతులు పోయాక ఇరవై ఏళ్ళలో పదిహేను అడుగులు నడిచి, చల్లగా ఉంటుందని బావి పక్కకి చేరాడు. వాళ్ళావిడ వచ్చి చూసి, "ఈ చురుకుదనం అప్పుడేమైందయ్యా," అని తిట్టిపోసి వెళ్ళింది.

అమ్మమ్మ పక్కన చోటు సంగతి చెప్పేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆవిడ పక్కనా? ఆరేళ్ళదాన్ని తీసుకెళ్ళి అనాథల హాస్టల్లో దింపి, ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళింది. పన్నెండేళ్ళున్నానే అక్కడ. ఒక్క ఆదివారం రాలేదు."

"హాస్టలు వాళ్ళే రానివ్వలేదేమో అమ్మా."

"నువ్వు చూశావా? నీకు కావాలంటే వెతుక్కో. బతికుండగా దొరకని మనిషి చచ్చాక దొరుకుతుందా?"

"ఎటు నడిచి ఉంటుందంటావు?"

"ఎటేమిటి, మా నాన్న దగ్గరికే. ఆయన తనని వదిలేసి పోయినా ఆ పేరే జపం చేసేది. ఆవిడకి ఆయన తప్ప వేరే లోకం ఉంటేగా."

చర్చి పాత రిజిస్టర్లో అమ్మమ్మ పేరు దొరికింది. ఆస్పత్రి బట్టలుతికే మనిషి అని పక్కనే రాసి ఉంది. తొమ్మిదో వరుస, తూర్పు గోడకి ముప్పై అడుగులు. టేపమ్మ ఆదివారం ఆ చోట మేకు దిగ్గొట్టింది. యాభై రెండు జానలంటే ముప్పై తొమ్మిది అడుగులు. తాత సమాధి పడమట ఉంది కాబట్టి టేపు అటే లాగింది. ముప్పై తొమ్మిదో అడుగు దగ్గర చదునైన నేల తప్ప ఏమీ లేదు. కాస్త ఎడమకీ, కాస్త కుడికీ జరిపి చూసింది. రెండో ఆదివారం మళ్ళీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమింది. మూడో ఆదివారానికి అమ్మ పాలు కూడా మింగలేకపోతోంది. ఆ రోజు ఆమె తాత నల్లరాయి మీదే కూలబడి ఏడ్చింది.

సమాధులు తవ్వే ముసలాయన పార పక్కన పెట్టి వచ్చాడు.

"అమ్మా, మూడు వారాలుగా చూస్తున్నా. టేపు ఎప్పుడూ అటే లాగుతున్నావు. సర్వే అంటే నాలుగు దిక్కులూ కాదా?"

"మా అమ్మ అటే అంది బాబాయ్."

"మీ అమ్మకి ఆవిడ ఎన్నేళ్ళు తెలుసు?"

"ఆరేళ్ళు," అని ఆమె సిగ్గుతో తల వంచుకుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ తగాదాలోనూ ఒక పక్షం మాట విని కొలవలేదు. సొంత అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ పనే చేసింది.

లేచి కళ్ళు తుడుచుకుని, ముసలాయన చేతికి టేపు చివర ఇచ్చి, మేకు దగ్గర నిలబెట్టి చుట్టూ తిరిగింది. ఉత్తరాన ఎవరూ లేరు, దక్షిణానా లేరు. తూర్పున ముప్పై అడుగులకే గోడ అడ్డం వచ్చింది. ఆ గోడ మొదట్లో, గడ్డి మాటున, ఒక చిన్న దిబ్బ గోడని ఆనుకుని ఉంది. సరిగ్గా అక్కడే గోడ బయటికి ఉబ్బింది.

"ఈ ఉబ్బు ఎప్పుడొచ్చింది బాబాయ్?"

"పన్నెండేళ్ళయింది. మూడుసార్లు సిమెంటు పూయించాం. పని బాలేదని మేస్త్రీని కూడా మార్చాం. పాపం, వాడి తప్పేం లేదన్నమాట."

ముప్పై అడుగులంటే నలభై జానలు. నలభైకి ఈ పన్నెండు కలిపితే యాభై రెండు. ఆమె ముసలాయన బకెట్టు బోర్లించి, దానిమీద ఎక్కి గోడ అవతలికి చూసింది. రోడ్డు, రోడ్డుకి అవతల టైర్ల దుకాణం. దుకాణం మీద పాత మేడ, వరసగా ఊచల కిటికీలు. అమ్మ పన్నెండేళ్ళు ఉన్న హాస్టలు అదే. అమ్మమ్మ నలభై ఏళ్ళు దానివైపే నడిచింది. మిగతా పన్నెండేళ్ళూ గోడని నెడుతూనే ఉంది. టేపమ్మ బకెట్టు మీదే నిలబడి బావురుమంది. ముసలాయన టేపు చుట్టి ఆమె సంచిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అంతా చెప్పింది.

"నేను పద్దెనిమిదేళ్ళకే అక్కణ్ణుంచి వచ్చేశాను కదే," అంది అమ్మ. "మా అమ్మ పోయేనాటికి నాకు ఇరవై రెండు. నేనక్కడ లేనని ఆమెకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారమ్మా?"

"నేనే చెప్పాల్సింది. పంతానికి పోయి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఖాళీ మేడకేసి నడిచింది పిచ్చిది." దిండు తడిసేదాకా ఏడ్చింది. ఆ ఏడుపులో కూతురికి ఆరేళ్ళ పిల్ల గొంతు వినిపించింది.

తేరుకున్నాక అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ పక్కనే పెట్టు. రాయి మాత్రం వద్దు."

"పేరు చెక్కిస్తాను అమ్మా, నా చేత్తో గీసి..."

"వద్దన్నానా. ఇంకోమాట. నువ్వు ఇల్లు మారకు."

"మారను."

"మారితే నాకెవరు చెప్తారు?"

నాలుగో రోజు మధ్యాహ్నం, పక్కింటావిడ దగ్గరుండగా, అమ్మ పోయింది. గోడ పక్కన, పాత దిబ్బని ఆనించి, ముసలాయన గొయ్యి తవ్వాడు. పాస్టరుగారు రాయి సంగతి అడిగారు. అమ్మ వద్దందని చెప్తే తలూపి ప్రార్థన మొదలుపెట్టారు.

ఏడాది తిరిగాక టేపమ్మ వెళ్ళి కొలిచింది. రెండు దిబ్బలూ గోడని వదిలేసి, పక్కపక్కనే, ఉత్తరానికి జానెడు జరిగి ఉన్నాయి. ఆమె ఇల్లు ఉత్తరానే ఉంది.

ఆ నెలలోనే ఆఫీసులో ఆమెకి పై పదవి వచ్చింది. రాజధానిలో, పెద్ద కార్యాలయంలో. సూపరింటెండెంటు స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి కాగితం ఇచ్చాడు.

"ముప్పై ఏళ్ళ చాకిరీకి ఇప్పటికి ఫలితం దక్కిందమ్మా. మళ్ళీ ఇలాంటిది రాదు."

"వెళ్ళలేను సార్. అమ్మా, అమ్మమ్మా బయల్దేరారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎంత దూరం?"

"రెండు మైళ్ళు."

సర్వే మనిషి కదా, ఊరుకోలేక పెన్సిలు తీసి కాగితం అంచున లెక్క వేశాడు.

"పద్నాలుగు వేల ఏళ్ళు పడుతుందమ్మా."

"తెలుసు సార్. నేనూ వేసి చూసుకున్నాను."

ఆయన బదిలీల జాబితా తెరిచి, ఆమె పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.