లిఫ్టులో ఏడుగురు

ఆ హోటల్లో లిఫ్టుకున్న మర్యాద మనుషులకు లేదు. అతిథుల కుక్కపిల్ల కూడా దర్జాగా ఎక్కేది. గదులు ఊడ్చే ఏడుగురు ఆడవాళ్ళు మాత్రం మెట్లెక్కాలి.

వాళ్ళలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. అత్తకు మోకాళ్ళు అరిగిపోయాయి. దుప్పట్ల మూటతో ఐదో అంతస్తుకు చేరేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చేది. లిఫ్టు ఎక్కనివ్వమని కోడలు ఎన్నిసార్లు బతిమాలినా మేనేజరుది ఒకటే పాట: "ఎక్కలేకపోతే మానెయ్యమను." మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? కోడలికి ఒళ్ళు మండింది. ఇక తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే అత్త చెయ్యి పట్టుకుని తిన్నగా లిఫ్టులోకి నడిచింది. వెనకే మిగతా ఐదుగురూ, మూటలూ బకెట్లతో సహా. అందరికీ ఒకటే గుండెదడ, ఒకటే నవ్వు. కంగారులో కోడలి చెయ్యి ఊరుకోక, అలవాటు కొద్దీ మీటలన్నీ కొంగుతో బరబరా తుడిచేసింది. అన్ని అంతస్తుల దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి.

"ఓసి నీ దుంపతెగ! అన్నిచోట్లా ఆగుతుందే!" అంది అత్త.

"ఆగనీ అత్తమ్మా, ఊరేగుదాం!"

తలుపు మూసుకునేలోగా మేనేజరు లోపలికి దూకాడు. "దిగండి! అందరూ దిగండి!"

బరువెక్కువై లిఫ్టు కీచుమని మోగింది. ఎవరూ కదల్లేదు.

"బాబూ, ఆఖరున ఎక్కినవాళ్ళే దిగాలి కదా," అంది అత్త నెమ్మదిగా.

బయట కాచుకున్న అతిథి ఒకాయన విసుక్కున్నాడు. "త్వరగా దిగవయ్యా, మేమూ పైకెళ్ళాలి!"

మేనేజరు దిగాడు. దిగి, మెట్ల మీదుగా పరుగందుకున్నాడు. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకునేది, ఆయన చెయ్యి చాపేలోగా మూసుకునేది. లోపల ఏడుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అత్తకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోకాళ్ళు నొప్పెట్టకుండా పైకి రావడం ఆమెకు అదే మొదలు.

ఐదో అంతస్తులో ఆయన రొప్పుతూ గోడకు చేరగిలబడ్డాడు. "మీ... మీ ఉద్యోగాలు..." అన్నాడు.

అత్త తన మూట దించి ఆయన్ని దాని మీద కూర్చోబెట్టింది. కోడలు మంచినీళ్ళిచ్చింది.

"ఇన్ని మెట్లా?" అన్నాడాయన చివరికి.

"రోజూనండి. పైగా మూటతో," అంది కోడలు. "రేపట్నించి లిఫ్టులోనే వస్తాం. సరేనా?"

ఆయన తలూపాడు. ఆయాసంతో ఊగిందో, ఒప్పుకుని ఊపాడో వాళ్ళకనవసరం. ఏడుగురూ కళ్ళారా చూశారు.