బాలింత డబ్బా

రాగిణికి అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటుంది. ఇంట్లో తనొక్కతే ఉన్నప్పుడు కరెంటు పోవడం, చంటిబిడ్డ ఒళ్ళు చల్లబడుతుండటం, ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఇంకేదో అడిగి పెట్టేయడం. అదీ ఆమె భయం. ఊహించుకున్నది కాదు, ఒకసారి జరిగిందే. అందుకే వాళ్ళుండే ప్లేనోలో చలికాలం వచ్చిందంటే చాలు, పప్పు కడుగుతున్నా, సాన్వికి జడ వేస్తున్నా ఆమె చెవి ఒకటి వాతావరణం కబుర్ల మీదే ఉంటుంది.

ఆ శనివారం పొద్దున కూడా మినప్పప్పే కడుగుతోంది. షాపింగ్ సెంటర్ వెనక వాళ్ళు అద్దెకి తీసుకున్న కిచెన్ అది. మూడేళ్ళ కూతురు సాన్వి బియ్యం బస్తా మీద కూర్చుని బొమ్మకి చెప్పులు తొడుగుతోంది. స్టీలు బల్ల దగ్గర ఆమె భర్త సృజన్, వాళ్ళన్నయ్య రఘు ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. సోమవారం ఐస్ స్టార్మ్, మంచువాన పడి రోడ్లన్నీ గడ్డకడతాయి అంటున్నారు. ఇడ్లీ పిండి, దోసె పిండి వ్యాపారం రఘు పేరు మీద ఉంది, ఆయనకి గ్రీన్ కార్డు ఉంది కనక. నానబెట్టడం, రుబ్బడం, డబ్బాలకెత్తడం, ఫోన్లు ఎత్తడం రాగిణి వంతు, ఆమెకి ఈఏడీ, అంటే పనిచేసుకునే పర్మిట్, వచ్చింది కనక. సృజన్‌ది సలహా. ఆఫీసులో అతని పని అదే, సరుకు ఎక్కడా ఆగకుండా చూసే సాఫ్ట్‌వేర్ రాయడం.

అన్నదమ్ములిద్దరూ బాగానే ఆలోచించారు. ఆ మాట ఒప్పుకోవాలి. హ్యూస్టన్ నుంచి మంగళవారం రావలసిన బియ్యం, పప్పుల ట్రక్కుని ఆదివారం మధ్యాహ్నానికి జరిపారు. ప్లాస్టిక్ డబ్బాలవాడు చేతులెత్తేస్తే ఇర్వింగ్‌లో ఇంకొకడిని చూసి పెట్టారు. ఫ్రీజర్‌కి జనరేటర్ తెచ్చారు. రోడ్లు మూసేలోపే ఇండియన్ స్టోర్లన్నిటికీ రెట్టింపు పిండి అందాలనుకున్నారు. ప్రతిదానికీ ఒకటి ఆగితే ఇంకొకటి. అంతా అయ్యాక రఘు ఒక్కో పనీ పైకి చదువుతూ ఎవరు చేస్తారని అడుగుతున్నాడు. ట్రక్కు దించుకునేదెవరు? రాగిణి ఉందిగా. స్టోర్లకి ఫోన్లు? రాగిణి ఉందిగా. పిండి పులిసే గదిలో హీటర్ చూసుకునేది? ఉందిగా.

ఆ మాట వాళ్ళింట్లో మెచ్చుకోలు. అత్తగారు రాజమండ్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే అంటుంది, చిన్నకోడలు ఉందంటే నాకు బెంగ లేదమ్మా అని. డిగ్రీ రెండో ఏడు మధ్యలో సంబంధం కుదిరినప్పుడు, అక్కడికెళ్ళాక చదువుకుందువుగాని అన్నదీ ఆవిడే. వచ్చాక చదువు సంగతి ఎవరూ కాదనలేదు, ఎవరూ అననూ లేదు. పిండి మొదలైంది, సాన్వి పుట్టింది. రాగిణి కూడా మొదట్లో ఆ మాట విని మురిసిపోయేది. ఉంది అంటే చాలు, అవసరం ఉందన్నట్టే కదా అనుకునేది. ఇప్పుడా మాట వింటుంటే, గోడకి కొట్టిన మేకు గుర్తొస్తోంది. దానికి ఏది తగిలించినా అది ఉందిగా అనే అంటారు.

రఘు చివరికొచ్చాడు. ఐస్ ఉన్నన్ని రోజులూ ఇళ్ళకి డెలివరీలు బంద్. స్టోర్లకే.

రాగిణి చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. "మరి రష్మి?"

రష్మి పక్కఊరు ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. కాన్పయి ఇంకా నెల నిండలేదు. వాళ్ళమ్మకి వీసా రాలేదు. భర్త కొత్త ప్రాజెక్టని సియాటిల్ వెళ్ళి కూర్చున్నాడు. రోజూ ఆ పిల్లకి రాగిణి బాలింత డబ్బా పంపుతుంది. మెత్తగా వండిన వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, బీరకాయ కూర. అమ్మేది పిండే గానీ, ఈ డబ్బా మాత్రం ఆమె సొంతంగా మొదలుపెట్టింది.

"మూడ్రోజులది ఒకేసారి వండిచ్చెయ్యమ్మా, ఫ్రీజర్లో పెట్టుకుంటుంది," అన్నాడు రఘు.

"బాలింతకి చద్దన్నం పెడతారా బావగారూ? అయినా వాళ్ళది కరెంటు పొయ్యి. కరెంటు పోతే దేనిమీద వేడి చేసుకుంటుంది? బిడ్డనెట్లా వెచ్చగా ఉంచుకుంటుంది? మనింట్లో గ్యాస్ ఉంది. రేపు వెళ్ళి తీసుకొచ్చేస్తాను."

రఘు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "ఇది బిజినెస్సా, పుట్టిల్లా? రేపు ట్రక్కొస్తోంది తల్లీ."

సృజన్ కూడా నెమ్మదిగా, పోయినసారి ఏమీ కాలేదుగా రాగిణీ, అంతా బాగానే గడిచిందిగా అన్నాడు.

పోయినసారి. మూడేళ్ళ కిందట ఇలాగే ఐస్ పడినప్పుడు సాన్వి ఒళ్ళో నెత్తుటిగుడ్డు. ఫ్రీజర్ సరుకు కాపాడాలని సృజన్ కిచెన్‌కి వెళ్ళాడు, రోడ్డు గడ్డకట్టి రాలేకపోయాడు. ఇంట్లో కరెంటు లేదు. గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు కాదప్పుడు. కిటికీల్లేవని బట్టల క్లోజెట్‌లో దూరి, పట్టుచీరలన్నీ తీసి కప్పుకుని, పిల్లని జాకెట్ లోపల గుండెకి అంటించుకుని కూర్చుంది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పిల్ల కాళ్ళు అరచేతుల్లో రుద్దుతూ, ఊపిరి తగులుతోందా లేదా అని చెంప ఆనించి చూసుకుంటూ ఉంటే ఫోన్ మోగుతూనే ఉంది. పిండి వస్తుందా అని ఒకరు. ఎన్ని డబ్బాలు మిగిలాయని ఇంకొకరు. సరుకు పాడవలేదు కదమ్మా అని అత్తగారు. ఎత్తిన ప్రతిసారీ ఈసారైనా తనెట్లా ఉందో అడుగుతారేమో అనుకుంది. ఆ ఒక్కమాట అడిగితే ఏడ్చేద్దామని ఏడుపంతా గొంతులో పట్టుకుని కూర్చుంది. ఎవరూ అడక్కపోయేసరికి అది అక్కడే ఉండిపోయింది.

చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"పోయినసారి సరుకు బాగానే ఉందండీ. నేను బాగాలేను."

సృజన్ తలెత్తాడు. క్లోజెట్ సంగతి రెండు మాటల్లో చెప్పింది.  సాన్వి బొమ్మని వదిలేసి వచ్చి అమ్మ కాళ్ళు పట్టుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు సృజన్.

"సరుకు నిలబడిందని ఎంత సంతోషంగా వచ్చారో. చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి మీవి. ఎట్లా చెప్పను?"

రఘు ల్యాప్‌టాప్ మూసేశాడు. సృజన్ లేచొచ్చి సాన్విని ఎత్తుకున్నాడు.  ట్రక్కు నేను దించుకుంటాలే అన్నాడు. పిల్ల నా దగ్గరే ఉంటుంది, నువ్వు వెళ్ళు.

"పుట్టిల్లే అనుకోండి బావగారూ," అంది రాగిణి, మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్తూ.

టోల్‌వే అనే పెద్ద హైవే ఎక్కాలంటే ఆమెకి భయం. ఎవరో ఒకరు పక్కన ఉంటే తప్ప ఎక్కదు. ఆదివారం ఒక్కతే ఎక్కింది. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని, పక్కన లారీ వెళ్ళినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఎలాగో ఫ్రిస్కో చేరింది.

తలుపు తీసిన రష్మి జుట్టు దువ్వుకోలేదు. భుజాన పాపాయి. ఖాళీ చేతులతో వచ్చిన రాగిణిని చూడగానే, "అక్కా, రేపట్నించి డబ్బా రాదా?" అంది.

"డబ్బా సంగతి తర్వాత. నువ్వెట్లా ఉన్నావు?"

రష్మి పాపాయితోనే ఒక అడుగు ముందుకేసింది. గడపలోనే రాగిణి భుజం మీద తల పెట్టేసింది. మధ్యలో నలిగి పాపాయి కీచుమంది. రాగిణికి కూడా, అన్నాళ్ళూ గొంతులో ఉండిపోయినదేదో కదిలింది.

సోమవారం ఐస్ పడింది, కరెంటు పోయింది. దానికి ముందే ఆదివారం ట్రక్కు దించే హడావిడిలో సృజన్ పిండి గదిలో హీటర్ వేయడం మర్చిపోయాడు. సగం పిండి పొంగలేదు. స్టోర్లవాళ్ళు సణిగారు, రఘు తల పట్టుకున్నాడు. రష్మినీ పాపాయినీ తెచ్చుకున్న రాగిణి ఇంట్లో మాత్రం గ్యాస్ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆ వెచ్చదనానికి పాపాయి పిడికిళ్ళు విప్పి పడుకుంది. అత్తగారు ఫోన్ చేసింది. సృజన్ ఎత్తాడు. ఆవిడ ఏం అడిగిందో రాగిణికి వినపడలేదు, వినపడక్కర్లేదు కూడా.

"పిండి పొంగలేదమ్మా," అన్నాడతను. "రాగిణి బాగుంది."

ఇది చదువుతున్న మీ పక్కింట్లోనో, పై అంతస్తులోనో ఈమధ్యే కాన్పయి ఒంటరిగా ఉన్న ఒకామె ఉండే ఉంటుంది. చలి పెరగకముందే ఒకసారి వెళ్ళి తలుపు కొట్టండి. ఏమైనా కావాలా అని అడక్కండి, ఏమీ వద్దంటుంది. ఎట్లా ఉన్నావని అడిగి, ఆమె చెప్పేదాకా అక్కడే నిలబడండి.