నాలుగో బొట్టు

అంత దూరంలో నిలబడితే నా మాట వినపడదు. ఇంకొంచెం ఇటు రా. చెప్పులు విప్పనక్కర్లేదు, ఇది ఇల్లు కాదు. ఆ అద్దపు పలక మీద రాసింది తర్వాత చదువుకుందువుగాని, ముందు నా పక్కన కూర్చుని నా మాట విను.

నేను ఒక దర్వాజను. తలుపును కాను సుమా! తలుపు నా భుజానికి వేలాడేది, ఇప్పుడు లేదు. అది ఎటు పోయిందో కూడా చెప్తాను. నల్లమద్ది మొద్దులోంచి నన్ను తీసినవాడు వడ్ల సోమాచారి. నా పైకమ్మి మీద, అంటే తలమీది అడ్డకర్ర మీద, రెండు చిలకలను చెక్కుతూ ఒకదాని ముక్కు విరగ్గొట్టాడు. ఆ తప్పు కనపడకుండా అక్కడ ఒక మామిడిపండు చెక్కి, చిలక దాన్ని కొరుకుతున్నట్టు చేశాడు. చూసినవాళ్లంతా ఆ చిలకనే మెచ్చుకునేవారు. అప్పుడే నాకు మనుషుల సంగతి కొంత తెలిసింది.

మొదట ఒక వకీలుగారింట్లో నలభై ఏళ్లు నిలబడ్డాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు కూలిపోతే, పాత కలప అమ్మేచోట గోడకు ఆనించి పెట్టారు. అక్కడ నన్ను అరచేత్తో తట్టి చూసి, "ఇది నా ఇంటికే" అన్నవాడు పెంటయ్య. తాపీమేస్త్రీ. పట్నంలో ఎన్నో ఇళ్లు కట్టి, తనకంటూ రెండు గదులు గుర్రపుకుంట బస్తీలో కట్టుకుంటున్నాడు.

నన్ను నిలబెట్టిన రోజు చూడాలి ఆ సంబరం! తూర్పుకు వేలెడు కూడా అటూ ఇటూ కాకూడదని పంతులు దారం పట్టి చూశాడు. గడప కింద రాగిపైస, నవధాన్యాలు వేశారు. పెంటయ్య భార్య ఈదమ్మ నాకు పసుపు రాసి, మామిడాకులు కట్టింది. ఇంత చూశారు కదా, కింద నేలను మాత్రం ఎవరూ చూడలేదు. ఎప్పుడో గుర్రాలు నీళ్లు తాగిన కుంట అది. లారీల మట్టి పోసి పూడ్చారు. వెనక నాలా పారుతోంది. కుంట పేరు చెప్పుకుంటూనే కుంటలో ఇల్లు కట్టుకున్నారు.

మూడో ఏడు వానాకాలంలో నీళ్లు వచ్చాయి. వరద అంటే ఉరుముతూ వస్తుందనుకుంటారు. కాదమ్మా. మొదట గిన్నెలు తోమే జాలాట్లోని తూము గుడగుడమంటుంది, ఎవరో గొంతు సవరించుకున్నట్టు. ఆ తర్వాత గడప కింద తడి. ఆ తర్వాత చెంబు తేలుతుంది. అంతే. ఆ గుడగుడ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ రోజు మోకాలి ఎత్తు వచ్చి మర్నాటికి తీసింది. ఈదమ్మ బురదంతా ఎత్తిపోసి, ఇంటికొచ్చిన ముత్తైదువను సాగనంపినట్టు కుంకుమ తెచ్చింది. "ఓ మేస్త్రీ, నీళ్లు ఏడిదాకా నిలిచినయో ఆడ ఉలితోని చిన్న గుంత కొట్టు" అంది. అతను కొట్టాడు. అందులో బొట్టు పెట్టి, "వచ్చినవ్, చూసినవ్. బొట్టు పెట్టి తోలిస్తున్న తల్లీ, మల్ల రాకు" అని దండం పెట్టింది.

నీళ్లకు మనిషి మాట అర్థమవుతుందా? నాలుగేళ్లకు నడుం దాకా వచ్చాయి. రెండో గుంత, రెండో బొట్టు. ఆ తర్వాత ఒక వానాకాలం రొమ్ముదాకా వచ్చాయి. అప్పటికి పెంటయ్య పరంజా మీంచి పడి, నడుం కింద చచ్చుబడి మంచం పట్టాడు. ఆ రోజు ఇరుగుపొరుగు అతన్ని అటక మీదికి ఎక్కించారు. మూడో గుంత ఈదమ్మే కత్తిపీట మొనతో తవ్వింది. గుంత వంకరగా వచ్చింది. ఇదిగో, నీ తల దగ్గర ఉన్నది అదే.

ఆ ఏడే బస్తీకి నస్రీన్ వచ్చింది. యూనివర్సిటీలో భూగోళశాస్త్రం పరిశోధన చేసే పిల్ల. సన్నటి మనిషి, భుజాన తనకంటే పొడుగు కొలకర్ర. ఏ ఇంట్లోకి నీళ్లు ఎంతెత్తు వచ్చాయో అడిగి పటం గీస్తుంది. ఆ పటం చూసి నాలాలో ఒక స్తంభం నాటి, దాని మీద డబ్బా బిగిస్తారు. నీళ్లు డబ్బాను తాకితే బస్తీ అంతా వినపడేలా సైరన్ మోగుతుంది. డబ్బా ఎంతెత్తులో బిగించాలో మాత్రం ఇళ్లవాళ్లే చెప్పాలి.

ఆమె రావడానికి రెండు రోజుల ముందు బస్తీ పెద్ద బుచ్చిరాములు అందరినీ పోగుచేశాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుడి గొంతు పెద్దది.

"నీళ్లొచ్చినయని చెప్పిండ్రనుకో, పటంల ఎర్ర రంగు ఏస్తరు. ఎర్ర రంగు ఏసినంక ఏమైతది? బుల్డోజర్ వస్తది. ఎవ్వలు అడిగినా రాలేదనే చెప్పుండ్రి. గోడల మీది చారలకు సున్నం కొట్టుండ్రి."

"అబద్ధం చెప్పాల్నా అన్నా?" అంది ఎవరో.

"ఇల్లు కావాల్నా, నిజం కావాల్నా?"

రెండు రోజుల్లో ముప్పై ఇళ్లూ పెళ్లివారి ఇళ్లలా తయారయ్యాయి. ఈదమ్మ నా ముందు కూర్చుని, లప్పం ముద్ద తీసుకుని, ఒక్కో గుంతనూ పూడ్చింది. పైన ఆకుపచ్చ రంగు పూసింది. బొట్టు పెట్టిన చేతే అది. మూడోది పూడ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆగి, వేలితో గట్టిగా అదిమింది. నాకు నోట్లో గుడ్డ కుక్కినట్టయింది.

నస్రీన్ వచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఏం పండుగ అవ్వా, బస్తీ బస్తీ రంగులేసుకున్నరు?"

"ఊకెనే బిడ్డా. పాతగైంది."

"నీళ్లు ఎంతదాకా వచ్చినయి?"

"నీళ్లా? గడప కూడా తడవలే."

"మంచం మీద పెద్దాయన ఉన్నడు కదా. సరిగ్గ చెప్పు అవ్వా. జల్ది సైరన్ మోగితేనే ఆయనను తీసుకుపోయే టైముంటది."

ఈదమ్మ లోపలి గదివైపు చూసింది. పెంటయ్య కళ్లు మూసుకున్నాడు, నిద్ర రాకపోయినా. "రాలే బిడ్డా" అంది మళ్లీ. ముప్పై ఇళ్లు ఒకే మాట చెప్తే ఆ పిల్ల మాత్రం ఏం రాస్తుంది? కాగితం మీద సున్నా వేసింది. వెళ్తూ వెళ్తూ నా ఆకుపచ్చ రంగును వేలితో తాకింది. ఇంకా అంటుతోంది. ఆమెకు అనుమానం వచ్చింది, రుజువు లేదు.

నీళ్లు రాని చోటే కదా అని డబ్బాను చాలా ఎత్తున బిగించారు.

మరుసటి ఏడు వాన పట్టపగలు మొదలైంది. మధ్యాహ్నం భోజనాల వేళ. తూము గుడగుడమంది. ఈదమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. సైరన్ కోసం చెవి ఒగ్గింది. సైరన్ లేదు. గడప దాటాయి. సైరన్ లేదు. నా మొదటి గుంత మునిగింది, రంగు కింద ఉన్నా ఆ చోటు నాకు తెలుసు. అటక ఎక్కిద్దామంటే పోయిన వరదకే దాని దూలం కుళ్లి కూలింది.

"ముసలోణ్ణి పట్టుండ్రీ! ఎవ్వలన్న రాండ్రీ!" ఈదమ్మ గొంతు చీల్చుకుని అరిచింది. మంచం కోళ్లు మునిగాయి. పెంటయ్య వీపు తడిసింది. ఆ మనిషి మాత్రం మేస్త్రీ బుర్రతోనే ఆలోచించాడు.

"తలుపు ఊడబెరుకుండ్రి. బందులల్ల నుంచి పైకి లేపితే వస్తది. నేనే బిగించిన, నాకెరుక."

నడుం లోతు నీళ్లలో బుచ్చిరాములే పరుగెత్తుకొచ్చాడు. అతనూ, ఇద్దరు పక్కింటివాళ్లూ తలుపును ఎత్తి, దాని మీద పెంటయ్యను పడుకోబెట్టి, నాలోంచే బయటికి తేల్చుకుపోయారు. నా రెండు కమ్ముల మధ్యనుంచి పోతూ పెంటయ్య చెయ్యి నన్ను పట్టుకుంది, ఒక్క క్షణం. మూడో గుంత దగ్గర. వదిలేసింది.

అప్పుడు మోగింది సైరన్. ఇల్లు గొంతుదాకా మునిగాక, బస్తీ అంతా ఎత్తు మీది బడి మెట్లెక్కాక, ఖాళీ ఇళ్ల మీద మోగింది. అంతకంటే భయంకరమైన చప్పుడు నేను వినలేదు.

నీళ్లు తీసిన రోజున ఈదమ్మ తన భర్త తాపీ తీసుకుని వచ్చి, నా ముందు బురదలోనే కూర్చుంది. ఆకుపచ్చ రంగు గీకింది. లప్పం పెళ్లలు రాలాయి. ఒకటి, రెండు, మూడు. లేచి నిలబడి, ఇంకా పైన, తన గొంతు ఎత్తున, నాలుగో గుంత తవ్వి బొట్టు పెట్టింది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?" అన్నాడు బుచ్చిరాములు. "ఇండ్లు పోతయే!"

"పోనీ."

"గంత అల్కగ అంటవేంది!"

"నువ్వు నా మొగని తలకాయ పట్టుకున్నవ్ కదా రాములూ. నీళ్లు ఆయన చెవులల్లకు పోతుంటే చూసినవ్ కదా. ఇంకోపాలి మోస్తవా? నువ్వు ఊరికి పోయిననాడు ఎవలు మోస్తరు?"

బుచ్చిరాములు తనే ఫోన్ తీసి నస్రీన్‌కు కలిపాడు.

ఆ పిల్ల ఈసారి ఏమీ అడగలేదు. కొలకర్ర ఆనించి నాలుగు బొట్లూ కొలిచి రాసుకుంది. రాస్తుంటే కళ్లు తుడుచుకుంది. "నువ్వు అబద్ధం చెప్తున్నవని నాకు ఎరుకే అవ్వా. అయినా రాసిన" అంది. "నాకు కూడా ఎరుకే, రాస్తవని" అంది ఈదమ్మ. డబ్బా కిందికి దిగింది. పటంలో ఎర్ర రంగు పడింది. బుచ్చిరాములు భయం కూడా నిజమే అయింది. రెండేళ్లకు బస్తీని దూరంగా ఎత్తు నేల మీది గదులకు పంపారు. కొందరు ఏడుస్తూ పోయారు, కొందరు తిడుతూ. అలా పంపేలోపు ఇంకొకసారి నీళ్లు వచ్చాయి. ఆ రోజు సైరన్ ముందే మోగింది. పెంటయ్య పొడిబట్టలతో బడి వరండాలో కూర్చుని టీ తాగాడు. తలుపు ఆ వరండాలోనే ఉండిపోయింది, దాని మీద పిల్లలు అన్నాలు తింటారట.

నన్ను నస్రీన్ అడిగి తెచ్చుకుంది. ఇదిగో, ఈ భూగోళశాఖ వరండాలో నిలబెట్టింది. నాకు గోడ లేదు, ఇల్లు లేదు. పిల్లలు నాలోంచి అటూ ఇటూ నవ్వుకుంటూ పోతుంటారు. నా భయం మాత్రం తగ్గలేదు. ఆ కిటికీలోంచి చూడు. ఆ పల్లంలో మట్టి పోస్తున్నారు, చూశావా? ఇళ్లు లేస్తున్నాయి. వాన రోజున ఈ వరండా చివరి తూము గుడగుడమంటుంది. నా కర్ర బిగుసుకుపోతుంది.

అందుకే నిన్ను పిలిచాను. ఎప్పుడైనా నువ్వు ఇల్లు అద్దెకు చూడబోతే, తలుపు దాటేముందు ఒక్క క్షణం ఆగు. దర్వాజకు కొత్త రంగు వాసన వస్తే, మోకాలి దగ్గర గోటితో కొంచెం గీకు. కింద ఏమైనా బొట్టు ఉందేమో చూడు. ఉంటే, ఆ ఇంటివాళ్లు ఎంత కాదన్నా నమ్మకు. ఈ మాట గుర్తుపెట్టుకో. ఇంటికెళ్లి కనీసం ఒక్కరికైనా చెప్పు. ఈదమ్మ పేరు చెప్పి చెప్పు.