సానాలో చెరిగిన బాణం

డాక్టర్ నూర్మెలా ముందు రోజే చెప్పింది. "ఎడమ కిడ్నీ తీసేస్తాం. అందులోని గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. రక్తం పోవచ్చు. ఆ తర్వాత బతికినంత కాలం కుడి కిడ్నీ ఒక్కటే దిక్కు." పేషెంటు తౌనో ఒంటి మీద, ఎడమ పక్కటెముకల కింద, పెన్నుతో బాణం గీసింది. "దీన్ని కడగొద్దు."

మర్నాడు ఉదయం ఐదింటికి తౌనో సానా పొయ్యి వెలిగించాడు.

"కత్తి కిందికెళ్లే మనిషికి ఆవిరి స్నానం ఏంటి?" అంది భార్య ఐలా.

"మా నాన్న కరేలియా యుద్ధానికి కూడా సానా చేసే వెళ్లాడు."

బయటికొచ్చేసరికి బాణం లేదు. ఐలా ఫోను తీసింది.

"ఒక్క గీత కోసం డాక్టర్ని లేపుతావా? పరువు తీయకు. నువ్వే గీసెయ్."

తౌనో ఎదురుగా నిలబడ్డాడు. ఫ్రీజర్లో బెర్రీ డబ్బాల మీద రాసే పెన్నుతో ఐలా గీసింది.

ఎనిమిదింటికి తౌనోని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. ఐలా వరండాలో కూర్చుంది. ఎదుటి కుర్చీలో ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఎడమ చేతికి కట్టు. ఆ చేయి ఐలాకి కుడివైపు ఉంది.

ఐలా లేచి గంట నొక్కింది. నర్సు తలుపు తీసింది.

"బాణం తప్పు! నేనే గీశాను. నా ఎడమవైపు గీశాను, అది ఆయన కుడి!"

నర్సు లోపలికి పరిగెత్తింది. నాలుగు నిమిషాలకు నూర్మెలా వచ్చింది.

"ఆ గీత మీదా?"

"నాదే. కోశారా?"

"లేదు. నా బాణం కింద నా పొడి అక్షరాలుంటాయి. దీని కింద లేవు. ఆపి స్కాన్ చూస్తున్నాం. మత్తులో ఉన్న మనిషిని అడగలేం కదా."

"కుడిది తీసేసుంటే?"

"మిగిలేది గడ్డ ఉన్నది. అదీ తీయాల్సిందే. ఇక బతుకంతా డయాలసిస్ మీదే." నూర్మెలా మాస్కు కట్టుకుంది. "ఇప్పుడు ఎడమది మొదలుపెడతాం. నిన్న చెప్పిన ప్రమాదం అలాగే ఉంది."

మూడు గంటల పది నిమిషాలు పట్టింది. రెండు సంచుల రక్తం ఎక్కించారు.

సాయంత్రం నర్సు మంచానికి వేలాడుతున్న మూత్రం సంచి చూసింది. "మూడొందల మిల్లీలీటర్లు. కుడిది పనిచేస్తోంది."

తౌనో కళ్లు తెరిచాడు. "ఎడమదే తీశారా?"

"ఎడమదే."

"చూశావా? ఫోను అక్కర్లేదని చెప్పానా లేదా?"

"రేపు మాట్లాడుకుందాం," అంది ఐలా. "ముందు నిద్రపో."