కరియ కాపలా

ఏడేండ్లు ఆ చెరువులో నీళ్లు లేవు. జనం అందులో వేరుశనక్కాయలు ఆరబోసుకున్నారు, తుమ్మచెట్లు కొట్టి బొగ్గులు కాల్చుకున్నారు. ఎనిమిదో ఏడు చిత్తకార్తెలో మూడు దినాలు ఎడతెగకుండా వాన కొట్టింది. నాలుగో దినం పొద్దునకల్లా చెరువు నిండింది. ఊరంతా కట్టమీదికి పోయి టెంకాయలు కొట్టి వచ్చింది. అది జరిగి గంట కాకముందే, కట్ట అడుగున తూము పక్క నీళ్లు బుగ్గలాగా పొంగుతుండడం దాసప్ప కంట పడింది.

దాసప్ప ఊరి తలారి. మండలాఫీసుకు ఫోను చేశాడు. వాళ్లు చెప్పమన్న మాట చెప్పుకుంటూ, తప్పెట కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగాడు. కడాన చెరువు కిందికి, హనుమంతప్ప రొప్పం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మధ్యాన్నానికల్లా అందరూ గుట్టమీద బడికాడికి పోవల్లంట. కట్ట నమ్మేదానికి ల్యా. మనుషులు, ఎద్దులు, ఎనుములు, గొర్లు, అన్నీ పోవల్ల."

హనుమంతప్ప అరవై గొర్రెల మనిషి. బీడులో చుట్టూ కంప నాటి కట్టుకున్న ఆ దొడ్డిలోనే అతని సగం బతుకు గడిచింది. మాట తక్కువ. ఆ పొద్దు మాత్రం అడిగాడు.

"కుక్కలో?"

"కుక్కలకు నాలుగు కాళ్లుండాయి గదన్నా, అవే వస్తాయిలే. వాటికి గూడా యేరే తప్పెట కొట్టల్లనా?" అని దాసప్ప వెళ్లిపోయాడు.

కుక్కలు రెండు. కరియ మగది, నల్లది, తొమ్మిదేండ్లది. చుక్కి ఆడది, నుదుటిమీద తెల్లమచ్చ, ఏడాది ఇంకా నిండలేదు. తోడేలు వచ్చినా దొంగ వచ్చినా అడ్డం నిలబడేది కరియే. చుక్కి దాని వెనకాల తిరిగి మొరగడం నేర్చుకుంటూ ఉండేది.

హనుమంతప్ప భార్య మారెక్క ఇంట్లోనుంచి రాగిపిండి, రేషన్ కార్డు, రెండు చీరలు మూట కట్టుకుని రొప్పానికి వచ్చింది.

"ఏమయ్యా, కుక్కలకు తాళ్లు కట్టి తోలుకోని పో. బడికాడ పిల్లాజెల్లా ఉంటారు. ఎవురినన్నా పీకితే మనల్ని గుట్ట దిగేదాకా తిడతారు."

ఆ మాట నిజమేననిపించి హనుమంతప్ప పాత చేదతాడు కోసి రెండు మెడపట్టీలు కట్టాడు. పుట్టినప్పటినుంచి ఆ కుక్కలు తాడు ఎరగవు. చుక్కి గిరగిరా తిరిగి, తాడు నోటికి అందగానే కొరికి తెంపేసింది. కరియ కొరకలేదు. మెడకు తాడు పడగానే బురదలో కూలబడి, కాళ్లు చాపి, మొహం పక్కకు తిప్పుకుంది. ఎంత లాగినా లేవలేదు.

"మొగుణ్ని అత్తగారింటికి పిలిస్తే అలిగినట్ల అలిగింది సూడు" అంది మారెక్క.

"నామోషీ అయినట్లుండాదిలే దానికి" అని హనుమంతప్ప తాడు తీసేశాడు.

అప్పటికే పొద్దు బాగా ఎక్కింది. పెద్ద గొర్రెలు నడుస్తాయి. మొన్న పుట్టిన పదకొండు పిల్లలు నడవలేవు. వాటిని రెండు గంపల్లో పెట్టారు. మారెక్క అన్నకొడుకు ఓబులేష్ ట్రాక్టర్‌తో ఊళ్లో ముసలోళ్లను గుట్టకు చేరవేస్తున్నాడు. మలిసారి వచ్చినప్పుడు గంపలు, కరియ, అన్నీ ట్రాలీలో వేసుకొస్తానని చెప్పి ఉన్నాడు. అతను వచ్చేదాకా పిల్లలకు కాపలా కావాలి. ఊరకుక్కలు ఆ వానలో ఆకలిమీద తిరుగుతున్నాయి.

హనుమంతప్ప గంపల పక్క భుజంమీది కంబళి తీసి పరిచాడు. "ఉండు" అన్నాడు. కరియ వచ్చి కంబళి మీద కూర్చుంది.

ఆలోచించి చేసిన పని కాదది. తొమ్మిదేండ్లుగా రోజుకు రెండుసార్లు చేసే పని. చెయ్యి తనంతట తాను చేసుకుపోయింది.

కరియకు తెలిసిన మాటలు మూడే. ఉండు, పో, పట్టు. రమ్మని పిలిచే మాట నేర్పలేదు, దాంతో పని పడలేదు. హనుమంతప్ప వచ్చి తన చేత్తో కంబళి ఎత్తి భుజాన వేసుకుంటే రమ్మన్నట్లు. ఎత్తేదాకా ఎండకాని వానకాని, అది అక్కణ్నుంచి కదలకూడదు. చిన్నప్పుడు ఒకసారి కదిలింది. వజ్రకరూరు పక్క చేన్లలో మేపుతున్నప్పుడు, హనుమంతప్ప దూరంనుంచి ఊరికే ఈల వేస్తే తోక ఊపుకుంటూ పరుగెత్తి వచ్చింది. తిరిగి పోయి చూస్తే కంబళీ లేదు, సద్దిమూటా లేదు. ఆ కోపంలో దాన్ని కట్టె తీసుకుని కొట్టాడు. మూడు దినాలు కుంటింది. మళ్లీ ఎప్పుడూ ఏ ఈలకూ అది కంబళి వదిలి రాలేదు. ఆ సంగతి అతను పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు.

గొర్రెలను తోలుకుని, చుక్కిని వెంటబెట్టుకుని, హనుమంతప్ప, మారెక్క గుట్టకు బయలుదేరారు. రొప్పానికీ గుట్టకూ నడుమ ఒక వంక. పోయేటప్పుడు నీళ్లు మడమల లోతు. గొర్రెలు గుట్టెక్కి సర్దుకునేలోపల పైన చెరువు మరవ పారింది. ఎక్కువైన నీళ్లన్నీ వంకలోకి దూకాయి. హనుమంతప్ప దిగి వచ్చేసరికి ఓబులేష్ ట్రాక్టర్ వంక దాటుతోంది. చక్రాలు సగానికి మునిగాయి. ఇంజను దగ్గుతూ గట్టెక్కింది. ట్రాలీలో గంపలు రెండూ ఉన్నాయి. పిల్లలు అరుస్తున్నాయి.

"కరియ యాడరా?"

"రాలే మామా. గంపలు ఎత్తుకుంటే వాసన చూసి ఊరికే ఉన్నాడు. కంబళి మీద చెయ్యి పెట్టినానా, ఇదో." ఓబులేష్ చినిగిన చొక్కా చెయ్యి చూపించాడు. "వాణ్ని ఎత్తుదామని పోతే మీదికే వచ్చినాడు. నేనేమో వాళ్లింటికి దొంగతనానికి పోయినట్ల!"

హనుమంతప్ప వంకలోకి దిగాడు. నాలుగడుగులకే నీళ్లు నడుముకొచ్చి కాళ్లు తేలాయి. ఓబులేష్, అప్పటికే గట్టున ఉన్న దాసప్ప చెరొక రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారు.

"వదలండప్పా. ఒక్కసారి పోయి కంబళి ఎత్తితే చాలు. అదే వచ్చేస్తాది."

"నీకేమన్నా అయితే అత్తకు నేనేం చెప్పల్ల మామా?"

"కుక్కకోసరం పాణం తీసుకుంటావా అన్నా? కుచ్చో" అన్నాడు దాసప్ప.

గుట్ట అంచున ఒక బండ ఉంది. దానిమీద నిలబడితే రొప్పం బాగా కనిపిస్తుంది. రెండు కేకల దూరం. కంప నడుమ కంబళి, కంబళి మీద నల్లగా కరియ. చుట్టూ నీళ్లు మెరుస్తున్నాయి.

హనుమంతప్ప కేక వేశాడు. కరియ చెవులు నిలబెట్టింది. ఈల వేశాడు. ఇటు తిరిగి చూసింది, తోక ఆడించింది, మళ్లీ కుదురుగా కూర్చుంది. ఇంకా గట్టిగా ఈల వేశాడు. ఈలకు రాకపోతే మెచ్చుకుంటాడని దానికి తెలుసు.

"యాల కొట్టినావయ్యా దాన్ని ఆ పొద్దు" అంది మారెక్క.

కాసేపటికి దాసప్ప భుజాన ఉన్న కంబళి మీద హనుమంతప్ప చూపు పడింది. లాక్కున్నాడు. బండమీద పరిచి, రెండు చేతులతో పైకెత్తి, ఒకసారి విదిలించి, భుజాన వేసుకున్నాడు. మళ్లీ పరిచాడు. మళ్లీ ఎత్తాడు.

కరియ లేచి నిలబడింది.

"చూసినాడు మామా, చూసినాడు!" అని ఓబులేష్ ఎగిరాడు.

కరియ కంబళి దిగి వంకవైపు పదడుగులు వచ్చింది. నిలబడింది. వెనక్కి తిరిగి చూసింది. యజమాని కంబళి ఎత్తాడు, నిజమే. కానీ కంబళి ఇక్కడే ఉంది. వెనక్కి పోయింది. కొస నోట కరుచుకుని లాగడం మొదలుపెట్టింది.

మూడు దినాల వాన తాగి, ఇప్పుడు నేలమీది నీళ్లు కూడా పీల్చుకున్న కంబళి. ఇద్దరు మనుషులు పిండితేగాని ఎత్తలేరు. కరియ రెండడుగులు లాగుతుంది, నిలబడి రొప్పుతుంది, మళ్లీ కరుచుకుంటుంది.

"వదిలెయ్ రా! కంబళి పోతే పోయె, వదిలేసి రారా కరియా!" అని హనుమంతప్ప అరిచాడు. అంత గొంతు అతనికి ఉందని ఊరికి ఆ పొద్దే తెలిసింది. ఓబులేష్ అరిచాడు. దాసప్ప తప్పెట కొట్టాడు. గుట్టమీద జనం సగం మంది లేచి అరిచారు.

వదలమనే మాట కరియకు ఎవరూ నేర్పలేదు.

కట్ట తెగిన చప్పుడు మొదట ఎవరికీ అర్థం కాలేదు. దూరాన లారీలోంచి కంకర దిమ్మరించినట్లు వినిపించింది. తర్వాత ఎర్రనీళ్లు వచ్చాయి. కంప మొత్తం ఒక్కసారిగా లేచి, అట్లాగే పక్కకు తిరిగి, పోయింది. ఆ తర్వాత చూడడానికి ఏమీ లేదు. హనుమంతప్ప అయినా చూస్తూనే నిలబడ్డాడు. దాసప్ప తన కంబళి అడగలేదు.

మూడో దినం నీళ్లు తీశాక ఓబులేష్ మైలు దూరాన తుమ్మకంపకు చిక్కిన కంబళి తెచ్చాడు. ఒక కొసన పండ్ల గాట్లు ఉన్నాయి. కరియ దొరకలేదు. మారెక్క కంబళిని ఉతికి, ఆరేసి, హనుమంతప్ప పక్కన పెట్టింది.

ఇప్పుడు హనుమంతప్ప రోజూ ఒక పని చేస్తున్నాడు. బీడులో కంబళి పరుస్తాడు. చుక్కి వచ్చి దానిమీద కూర్చుంటుంది. అది అతను నేర్పింది కాదు, కరియను చూసి తానే నేర్చుకుంది. నూరడుగుల దూరం పోయి, సంగటిముద్ద చేతిలో పట్టుకుని పిలుస్తాడు.

"రా చుక్కీ. వదిలేసి రా."

దోవన పోయేవాళ్లు నవ్వుతారు. "ఏమప్పా అనుమంతప్పా, మంచి కుక్కను చెడగొడతాండావే?" అంటారు.

చుక్కి లేస్తుంది. ముద్దవైపు చూస్తుంది. అతనివైపు చూస్తుంది. తోక ఆడించి, కంబళి మీద ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

అతను ముద్ద పట్టుకుని అట్లాగే నిలబడతాడు.