'ఏడో తాళం' వెనక కాగితాలు

ఫిర్దోస్‌కు ఆ నవల నచ్చలేదు. ఒకసారి చదివి తిట్టుకుంది. తొందరపడ్డానేమోనని రెండోసారి చదివి ఇంకా గట్టిగా తిట్టుకుంది. అయినా తిరుపతిలో లేడీస్ హాస్టళ్లన్నీ బారుతీరిన ఆ సందులో, ఆమె అద్దె పుస్తకాల షాపులో, రెండు నెలలుగా అరలో ఒక్క పూటైనా నిలవని పుస్తకం అదొక్కటే. పేరు 'ఏడో తాళం'. పదిహేడేళ్ల మధులత ఒకణ్ణి ప్రేమిస్తుంది. వాడు ఆమె ఫోను లాక్కుంటాడు, స్నేహితులను దూరం చేస్తాడు, చివరికి ఒక ఇంట్లో పెట్టి ఆరు తాళాలు వేస్తాడు, అంతా ప్రేమతోనే అంటాడు. ఆరూ పగలగొట్టుకుని బయటపడ్డ ఆ పిల్ల ఆఖరి పేజీలో ఇంకో తాళం చేత్తో పట్టుకుని మళ్లీ వాడి గుమ్మం ముందే నిలబడుతుంది. లోపలికి పోయిందా, వాణ్ణే లోపల పెట్టి తాళం వేసిందా? రాసినామె చెప్పకుండా చేతులు దులుపుకుంది. పాఠకులు జుట్లు పట్టుకోవడానికి ఇంకేం కావాలి!

జుట్లు పట్టుకునే చోటు కూడా ఆ షాపే చూపించింది. ఫిర్దోస్ తండ్రి నాయబ్ రసూల్ బైండింగ్ పనివాడు. అద్దెకిచ్చే ప్రతి పుస్తకాన్నీ విప్పి, వెనకాల నాలుగు తెల్లకాగితాలు చేర్చి మళ్లీ కుడతాడు. చదివినవాళ్లు తమ మాట అక్కడ రాయవచ్చు, పేరు రాయనక్కర్లేదు. ఇది ఆయన నాయన కాలం నుంచీ ఉన్న పద్ధతి. మామూలు పుస్తకానికి ఆ నాలుగు కాగితాలు పదేళ్లు వస్తాయి. 'ఏడో తాళం'కు రెండు నెలల్లో మూడుసార్లు కుట్టు విప్పాల్సి వచ్చింది.

"వీడే మగాడు. నాకిట్లాంటోడే కావాల" అని ఒకరు రాస్తే, "నీకు కావాల్సింది మగాడు కాదు మే, జైలు" అని కిందే ఇంకొకరు. "రాసినామెకు ఆడబిడ్డ ఉండాదా? ఉంటే ఇట్ల రాస్తాదా?" "ఉండబట్టే రాసింది." "మధులత లోపలికి పోయింది. ప్రేమంటే అదీ." "పోలేదు. తాళమేసి చెవి బావిలో పారేసింది." ఆ హీరో మీద ఊదారంగు సిరాతో పొంగిపోయేది నగరి మరమగ్గాలవాళ్ల అమ్మాయి హేమశ్రీ అని ఫిర్దోస్‌కు తెలుసు. పేర్లు లేకపోయినా సగం మంది చేతిరాత ఆమెకు తెలుసు. తెలిసినా నోరు విప్పదు, అది షాపు మర్యాద.

పన్నెండో కాగితం మీద, పెన్సిలుతో, చీమల్లాంటి అక్షరాలు కనిపించాయి. "మావాడు కూడా నా ఫోన్ తీసుకుంటాడు. ఎవురితో మాట్లాడినా వానికి చెప్పాల. దీన్ని ప్రేమే అనుకున్నా. ఇది చదివినాక భయంగా ఉండాది. ఏం చెయ్యాల?"

ఆ ఐదు వాక్యాల కింద పోట్లాట ఆగిపోయింది. నవలలోని వాణ్ణి పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ కలిసి తొమ్మిది మంది జవాబు రాశారు. "భయమేస్తే అది ప్రేమ కాదు మే." "వాణ్ణి ఒక్కదానివే కలవబాకు." ఊదా సిరా కూడా వచ్చి చేరింది: "కథలో అయితే బాగుంటాడు. నిజంలో వద్దు. వదిలేయ్." అది చదివి ఫిర్దోస్ కళ్లు తుడుచుకుంది. చీమల అక్షరాలు పవిత్ర అనే అమ్మాయివి. బంగారుపాళ్యం పిల్ల, డిగ్రీ రెండో ఏడు. నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీ డ్రైవర్.

ఎవరో ఆ కాగితాన్ని ఫోటో తీశారు. హాస్టల్ గ్రూపుల్లో తిరిగి తిరిగి అది దేవరాజులు ఫోనులో పడింది. పక్క సందులో మూడంతస్తుల హాస్టల్ ఆయనదే. శనివారం మధ్యాహ్నం షాపులోకి వస్తూనే ఒంటికాలి మీద లేచాడు.

"ఏమ్మా, ఈ చెత్తనా మా పిల్లలకిస్తా ఉండేది?"

"మీరు చదివినారా సార్?" అంది ఫిర్దోస్.

"చదివేదేముండాది? అట్ట సూస్తే తెలీలేదా?" కౌంటర్ మీది 'ఏడో తాళం' లాక్కుని పన్నెండో కాగితం తిప్పాడు. "ఇది రాసింది మా హాస్టల్ పిల్లే అంటా ఉండారు. ఎవురో చెప్పు. ఈ పొద్దే వాళ్ల నాయనకు ఫోన్ చేస్తా. వచ్చి సదువు మాన్పించి తీసకపోతాడు. వానెవడో రేపు నా గేటు ముందర గలాటా చేస్తే పోయేది నా పేరు."

షాపులో అప్పుడు ఆయన హాస్టల్ పిల్లలే ఇద్దరున్నారు, హేమశ్రీ, పవిత్ర. పవిత్ర చేతిలోని పుస్తకం ఎంతసేపటికీ పేజీ తిరగడం లేదు. ఫిర్దోస్ అటువైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది. ఫోను లాక్కున్న వెధవ ఎక్కడో దర్జాగా తిరుగుతుంటాడు, చదువు పోయేది మాత్రం ఈ పిల్లకా? ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చెప్పను సార్."

"నువ్వు చెప్పే పన్లేదు." దేవరాజులు ఒక తెల్లకాగితం లాగి కౌంటర్ మీద పరిచాడు. "రాండమ్మా ఇద్దరూ. ఒక్కో లైను రాయండి. ఎవురి రాతో నేనే సూసుకుంటా."

"ఎందుకు సార్ వాళ్లని? అది రాసింది నేనే" అనేసింది ఫిర్దోస్.

దేవరాజులు పకపకా నవ్వాడు. వేలెత్తి అరలు చూపించాడు. కథలు, నవలలు, పోటీ పరీక్షలు అంటూ ప్రతి అర మీదా అతికించిన చీటీలన్నీ ఫిర్దోస్ గుండ్రటి లావు అక్షరాలే. "గోడలంతా నీ రాతే పెట్టుకోని ఎవురికి చెప్తావమ్మా?" ఐదేళ్లుగా ఆ చీటీల కిందే కూర్చుంటూ వాటి సంగతే మరిచిపోయినందుకు ఆమె నాలుక కరుచుకుంది.

మూలన కుట్టుపని చేసుకుంటున్న నాయబ్ రసూల్ సూది పక్కన పెట్టి లేచాడు.

"దేవరాజులన్నా, ఆ కాగితాల మీద పేరడిగే హక్కు మా నాయనకే లేదు. నీకు యాడి నుంచి వచ్చింది? కావాలంటే పుస్తకం తీసకపో. చదివి, నువ్వూ ఎనక రాయి."

"అట్లనా? సోమవారం నుంచి మా హాస్టల్ పిల్లొకతి ఈ గడప తొక్కితే అడుగు." కాగితాన్ని హేమశ్రీ ముందుకు తోశాడు. "రాయి."

హేమశ్రీ చేతులు కట్టుకుంది. "రాయను సార్. ఊదా సిరా నాది. ఆ హీరో అంటే నాకిష్టం, మా నాయనకు చెప్పుకోండి. పరీక్ష పెడితే మాత్రం రాయను."

"సిగ్గు లేదూ?"

"దొంగతనం చేసినానా సార్, సిగ్గుపడేదానికి?"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే పవిత్ర ముందుకు వచ్చింది. ఫిర్దోస్ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మే" అంది సన్నగా. పవిత్ర వినలేదు. పెన్సిలు తీసుకుని, "ఏం చెయ్యాల" అని రాసింది. దాని కింద పేరు, ఊరు రాసింది. కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. పెన్సిలు కింద పెట్టి చెయ్యి చాచింది.

"సరిపోయిందా సార్? ఇప్పుడు మీ ఫోన్ ఇయ్యండి."

"నా ఫోనా?"

"నాది వాని దగ్గరుండాది. మా నాయనకు మీరు చేసేదేంది, నేనే చేస్తా."

తాను చేద్దామనుకున్న బెదిరింపును ఆ పిల్లే తన చేతిలోంచి లాగేసుకుంటుంటే దేవరాజులు జేబు తడుముకున్నాడు. ఫోను ఇచ్చేశాడు. పవిత్ర నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. అవతల లారీ ఇంజన్ రొద.

"ఎవురూ?"

"నేను నాయనా, పవిత్రను."

"ఏం మా, ఎవురి ఫోనిది? నీదేమైంది?"

పవిత్ర దేవరాజులు కళ్లలోకి సూటిగా చూసింది.

"ఒకడు లాక్కున్నాడు నాయనా. వాడు నాకు ముందే తెలుసు. అంతా చెప్తా. కానీ సదువు మానేసి రమ్మంటే నేను రాను, ఇప్పుడే చెప్తా ఉండా. వింటావా?"

అవతల బ్రేకు కీచుమంది. ఇంజన్ ఆగింది.

"బండి పక్కకు పెట్టినా మా" అన్నాడు ఆయన. "వింటా ఉండా. చెప్పు."